వెచ్చని చోటు

“ఒరే చున్బో, రెండు పక్కలా రాళ్ళున్నాయి, నిదానంగా...” అంటుండగానే ముసలి ప్యో చేతిలో మైకు మూగబోయింది. రేడియో దీపం ఆరింది. కిటికీకి అంటించిన కాగితానికి మంచు కొట్టుకునే చప్పుడు ఒక్కటే మిగిలింది.

“మళ్ళీ పోయిందా, మామయ్యా?” అంది ఓక్నిమ్.

“నాకు కళ్ళు లేవనుకున్నావా?”

అది జాలర్ల సంఘం రేడియో. దీవిలో అన్నిటికంటే ఎత్తున ఉన్న ఇల్లని ప్యో ఇంట్లో పెట్టారు. ఆ సాయంత్రం మంచు దట్టంగా కురిసి సముద్రాన్ని కనపడకుండా చేసింది. పడవలన్నీ రేవు చేరాయి, చున్బోది తప్ప. చున్బో ముసలాడి కొడుకు, ఓక్నిమ్ మొగుడు. రేవు ముఖానికి రెండు పక్కలా రాళ్ళే. పడవ మీద గుండ్రటి కమ్మీ ఒకటుంటుంది. దాన్ని తిప్పి చూస్తే ఇంటి రేడియోలోంచి వచ్చే గొంతు ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది. ఆ గొంతు పట్టుకుని లోపలికి రావాలి. గొంతు ఆగితే దారీ ఆగుతుంది.

ఆ గొంతును ఆపుతున్నది రేడియో కాదు, దానికి కరెంటు ఇచ్చే పెట్టె. దీవి జనరేటరు కరెంటును అది రేడియోకు సరిపడా తగ్గించి ఇస్తుంది. ఎక్కువైనదాన్ని వేడిగా మార్చి, వెనకున్న అల్యూమినియం రెక్కల మీదుగా గాలికి వదిలేస్తుంది. వింటున్నంతసేపూ దానికి పెద్ద పని లేదు. మాట్లాడినప్పుడే ఒళ్ళు కాలిపోతుంది. మరీ కాలితే తనంతట తనే ఆగిపోయి, చల్లారాక మళ్ళీ లేస్తుంది.

ముసలాడు దాన్ని గదిలో పొయ్యివైపు మూల పెట్టాడు. వంటింటి పొయ్యి వేడి పొగ నేల కింద రాతిపలకల మధ్యగా పోతుంది కనుక ఇంటి మొత్తానికి వెచ్చని చోటు అదే. అక్కడ పెద్దవాళ్ళు కూర్చుంటారు. కిందటి పెట్టె సముద్రపు తేమకు తుప్పుపట్టి చచ్చిందని, ఈసారి తన చోటే దానికిచ్చాడు. కాళ్ళకు తగలకుండా రెక్కలు నేలకు ఆనేట్టు వెల్లకిలా పడుకోబెట్టి, మీద బొంత కప్పాడు. అదే బొంత కింద, పెట్టె పక్కనే, మూతపెట్టిన ఇత్తడి గిన్నెలో చున్బో అన్నం. మగవాడు ఇల్లు చేరేదాకా ఆ అన్నం చల్లారకూడదు.

ఓక్నిమ్ బొంత కిందికి చెయ్యి పోనిచ్చి చటుక్కున లాక్కుంది.

“కాలిపోతోంది మామయ్యా. బొంత తీసేస్తాను.”

“ముట్టుకోకు. తేమ పడుతుంది.”

“మీరే చెయ్యి పెట్టి చూడండి.”

“పనిచేసేదానికి ఒళ్ళు కాలదా? మీ పుట్టింట్లో ఎవరూ పని చేసి ఎరగరు కాబట్టి నీకు వింతగా ఉంది.”

దీపం వెలిగింది. చున్బో గొంతు గరగరమంటూ వచ్చింది. “నాన్నా! ఎక్కడికి పోతున్నావు నువ్వు? దొరికినట్టే దొరికి పోతున్నావు. రాళ్ళ మీద అలలు వినపడుతున్నాయి. ఏ పక్కో తెలీడం లేదు.”

ముసలాడు మీట నొక్కాడు. “చున్బో, ఇటు...” దీపం ఆరింది.

ఆమె ఇంక అడగలేదు. బొంత లాగేసింది. ఇత్తడి గిన్నె దొర్లి గోడకు తగిలింది. ముసలాడు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“అన్నం, అన్నం! చల్లారితే మంచిది కాదు. వాడి అమ్మ బతికున్నన్నాళ్ళూ నా అన్నం ఒక్కపూట చల్లారనివ్వలేదు.”

“తేమకు పెట్టె చావడానికి ఏడాది పడుతుంది మామయ్యా. ఆయనకి అంత టైము లేదు. చెయ్యి వదలండి.”

వదిలాడు. ఆమె వంటింట్లోకి పోయి పొయ్యిలో కుండెడు నీళ్ళు గుమ్మరించింది. బుస్సుమంది. వచ్చి తలుపులు రెండూ బార్లా తీసింది. చలి ఇంట్లోకి దూసుకొచ్చింది. ముసలాడి చెక్క తలగడలు రెండూ తెచ్చి గడప లోపల ఎడంగా పేర్చింది. పెట్టెను గుడ్డతో పట్టుకుని, రెక్కలు నిటారుగా నిలబడేట్టు వాటి మీద పెట్టింది. కిందినుంచి గాలి ఎక్కాలి. తీగలు బిగుసుకుపోయినా అందాయి. ఎండాకాలపు విసనకర్ర తీసి విసరడం మొదలుపెట్టింది.

దీపం వెలిగింది.

“మాట్లాడండి. ఆపకుండా మాట్లాడండి.”

“ఏం మాట్లాడాలి?”

“ఏదైనా. మీకు తిట్లకేం తక్కువ?”

కొడుకుతో ఆయన మాటలు ఎప్పుడూ నాలుగైదుకు మించలేదు. పని చెప్పడం, అయిందా అని అడగడం. మీట నొక్కాడు.

“చున్బో. ఒరే. పొద్దున్నే చెప్పానా, ఆకాశం బాగాలేదని? చెప్పాను. నువ్వు విన్నావా? నీ చెవులు చిన్నప్పటినుంచీ అంతే. పోయినేడు వల చింపుకొచ్చావు, ఎవరు కుట్టారు? నేను కుట్టాను. వేళ్ళు వంగవు నాకు, తెలుసా?”

మీట నొక్కి ఉన్నంతసేపూ అవతలి మాట వినపడదు. వాడు వింటున్నాడో, మునిగాడో. ఓక్నిమ్ రెక్కల మీద వేళ్ళు ఆనించి చూసింది. చురుక్కుమంటోంది, కానీ వేలు నిలుస్తోంది. గాలికి కొట్టుకొచ్చిన మంచురేణువు ఒకటి లోహం మీద పడి కరిగిపోయింది. పెట్టె మీద మంచు పడకుండా ఆమె గాలివాటానికి వీపు అడ్డుపెట్టింది. చలికి వీపు మొద్దుబారింది. చెయ్యి ఆపలేదు.

“నీ పెళ్ళాం నా పొయ్యి ఆర్పింది రా! తలుపులు తీసి పెట్టింది. నా తలగడలు తీసుకుపోయి ఈ దరిద్రపు పెట్టె కింద పెట్టింది. నీ అన్నం గోడమూలన దొర్లుతోంది. ఇంటికొచ్చి నువ్వే అడుగు. నేను అడగలేను. పళ్ళు కొట్టుకుంటున్నాయి నాకు. ఇటు రా. ఇటే. ఈ గొంతు వైపే రా...”

ఆయన గొంతు జీరపోయింది. ఇంకేం చెప్పాలో తోచక చేపల పేర్లు వరసగా చదివాడు. తర్వాత కొడుకు పేరొక్కటే పిలుస్తూ పోయాడు. పెట్టె ఆగలేదు.

ఓక్నిమ్ విసనకర్ర ఎత్తి, “ఉష్!” అంది. తెరిచిన తలుపుల్లోంచి, కింద రేవునుంచి, పడవ బూర వినపడింది. రాళ్ళకు లోపలి వైపునుంచి.

చున్బో వచ్చేసరికి నేల మంచుగడ్డలా ఉంది. చల్లటి అన్నంలో చల్లటి నీళ్ళు పోసుకుని తిన్నాడు. ముసలాడు వెచ్చని మూల వైపు చూశాడు. అది ఖాళీగా ఉంది.

“పెట్టె మళ్ళీ అక్కడ పెట్టనా, మామయ్యా?” అంది ఓక్నిమ్.

“అక్కర్లేదు.”

అంతే. తప్పు తనదని ఆయన అనలేదు. ఆయన అనలేదన్న సంగతి ఆమె మరిచిపోలేదు. చెక్క తలగడలు పెట్టె కిందే ఉండిపోయాయి. ఆ చలికాలమంతా ముసలాడు మడిచిన పాత చొక్కా తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఆమె కొత్త తలగడ తెమ్మని ఎవరికీ చెప్పలేదు.