పైపు గీసిన గ్రీన్

మా బావ బుల్డోజరు బ్లేడుతో అగ్గిపుల్ల గీసి, పుల్ల విరగకుండా సిగరెట్టు ముట్టించగలడు. అక్క మొగుడని పొగడడం లేదు, ఆ సిగరెట్టు తాగింది నేనే. అంతటివాడి ఉద్యోగం నా వల్ల ఊడబోయింది.

మేము గోల్ఫు మైదానం కట్టే చోట పనిచేస్తాం. జెండా పాతే గుంత చుట్టూ గడ్డిని దుప్పటి పరిచినట్టు నున్నగా కత్తిరిస్తారే, దాన్ని గ్రీన్ అంటారు. దాని ఆకారం చెప్పే ఆవిడను మేమంతా గీతలమ్మ అని పిలుస్తాం. ఆవిడ కాగితాన్ని నమ్మదు. నేల మీద రబ్బరు పైపు పరిచి, చుట్టూ తిరిగి చూసి, కాలితో అటూ ఇటూ జరిపి, "పైపు లోపలంతా గ్రీన్, దాటావో చూడు" అని బావకు చెప్పి పోతుంది.

ఏడో హోల్, అంటే ఏడో గుంత, దగ్గర పైపును కోడిగుడ్డులా పరిచి, ఇంకో పని మీద నాలుగు నెలలు వెళ్లింది.

నీళ్ల పని నాది. దుమ్ము లేస్తోందని కుళాయి తిప్పాను. పైపు కొస ఆ కుళాయికే తగిలించి ఉందని ఎవడికి గుర్తు? పైపు పడగెత్తింది. తాటిచెట్టంత లేచి, పోతున్న కాకిని ఒక్కటిచ్చి, కొడవలిలా వంకర తిరిగి పడింది. నేను కాకిని బతిమాలుకుని వచ్చేసరికి బావ ఆ వంకర వెంబడే సగం నేల కోసేశాడు.

చెబుదామనే అనుకున్నాను. కానీ మైదానం యజమాని, మా పెద్దాయన, అంతకుముందే బావతో "ఇంకొక్క పొరపాటు చేస్తే మిషను తాళం ఇచ్చేసి ఇంటికి పో" అన్నాడు. కుళాయి కట్టేసి నా దారిన నేను పోయాను. కొడవలి వంపులో ఖాళీగా ఉందని ఇసుక కూడా పోశారు. గడ్డి మొలిచింది.

గీతలమ్మ వచ్చింది. చూసింది. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నేను పరిచింది ఇది కాదే!"

"పైపు ఎక్కడుంటే అక్కడే కోశానమ్మా, నా పిల్లల మీద ఒట్టు," అన్నాడు బావ.

పెద్దాయన చెయ్యి చాపాడు. "తాళం."

ఇక ఆగలేకపోయాను. "కుళాయి తిప్పింది నేనండీ. బావకు తెలీదు."

"అయితే ఇద్దరూ పొండి!"

"ఆగండి," అంది గీతలమ్మ. "దీన్ని తవ్వి పారేసేముందు ఒక్కసారి ఆడి చూద్దాం."

పెద్దాయన బలంగా కొడతాడు. ఆయన కొడితే మేఘం పక్కకు జరగాల్సిందే. మొదటి దెబ్బకు బంతి కుడివైపు చాలా దూరం పోయింది. రెండో దెబ్బకు గ్రీన్ మీదే పడింది, కాకపోతే కొడవలి పిడి దగ్గర. జెండా ఏమో కొడవలి మొన దగ్గర ఉంది. మధ్యలో ఇసుక.

"దొర్లిద్దామంటే దారేదీ?" అన్నాడు.

"చుట్టూ తిరిగి రండి," అంది గీతలమ్మ.

తిరిగాడు. వంపు చుట్టూ మెల్లగా దొర్లిస్తూ నాలుగు దెబ్బలు కొట్టాడు. బంతితో పాటు బయల్దేరిన చీమ ముందే చేరి, ఇల్లు కట్టుకుని, మనవళ్లను ఎత్తుకుంది.

గీతలమ్మ మొదటి దెబ్బ కావాలనే తక్కువగా, ఎడమవైపు కొట్టింది. అక్కడి నుంచి చూస్తే ఇసుక పక్కకు తప్పుకుంది, గ్రీన్ వీధిలా జెండా దాకా తెరుచుకుంది. రెండో దెబ్బకు బంతి వెళ్లి జెండా పక్కనే ఆగింది. ఇంకొక్కటి తడితే గుంతలో పడింది. వెంటనే జెండా పీకి, పిడి వైపు ఇంకో గుంత తీయించి పాతించింది. ఇప్పుడు ఎడమ నుంచి వచ్చినవాడికి ఇసుక అడ్డం, కుడి నుంచి వచ్చినవాడికి దారి.

"జెండా ఎటుందో చూసుకోకుండా మొదటి దెబ్బ కొట్టకూడదన్నమాట," అంది నవ్వుతూ. "నా గుడ్డులో ఇంత లేదు. ఎక్కడ దిగినా ఒకటే."

"మళ్లీ ఆడదాం," అన్నాడు పెద్దాయన. మధ్యాహ్నం దాకా ఆడుతూనే ఉన్నాడు. ఆరోసారి మూడు దెబ్బల్లో ముగించి, "దీన్నెవడైనా ముట్టుకున్నాడో, చూడండి!" అని అరిచాడు.

"మరి తాళం అండీ?" అన్నాడు బావ మెల్లగా.

"తాళం నాకెందుకయ్యా? ఎనిమిదో హోల్ ఎవరు కోస్తారు, నేనా?"

బావ గడ్డి మీద కూలబడ్డాడు. ఆయన వదిలిన ఊపిరికి జెండా రెపరెపలాడింది.

"నాలుగు నెల్లు కడుపులో పెట్టుకున్నావేరా, బామ్మర్దీ?"

"చెబితే తంతావని."

"ఇప్పుడు తన్ననా?"

"ఇప్పుడైతే సన్మానం చెయ్యాలి."

"చేస్తాను, డబ్బా ఇలా తే."

పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టని మనిషి, తన భోజనం డబ్బా ఖాళీ చేసి నాది కూడా తెరిచాడు. నేను పక్కన కూర్చుని, ఆయన తింటుంటే చూస్తూ కడుపు నింపుకున్నాను.