ఎముకల పెట్టె

"ఏమ్మే, నువ్వు ఆ పెట్టె తాకబట్టే గదా నా కొడుకు మళ్లా తప్పినాడు!" అని అత్త కాటమ్మ అరుస్తున్నా హొన్నూరమ్మ పిడకలు తట్టడం ఆపలేదు.

మొదటిసారి తిప్పేస్వామి డాక్టరు పరీక్ష తప్పినప్పుడు పెళ్లాం తుమ్మిందన్నారు. రెండోసారి ఆమె దంచి పంపిన పిండి తిని బుర్ర మందగించిందన్నారు. ముచ్చటగా మూడోసారికి ఈ పెట్టె! చదువుకోవడానికని అతను బెంగళూరు నుంచి తెచ్చిన మనిషి ఎముకలున్నాయి అందులో. శవం ఎముకలు ఇంట్లోకి రాకూడదని అత్తే దాన్ని తమ పల్లె అయిన హట్టి బయటి గుడిసెలో పెట్టించింది. నెలనెలా కోడలు మూడు దినాలు కూర్చునేదీ అందులోనే. ఇంటికి పనికిరానివన్నీ ఒకచోటే ఉండాలి మరి! పావగడ స్కూలులో కాస్త ఇంగ్లీషు నేర్చిన హొన్నూరమ్మ అక్కడున్న పుస్తకం చూసుకుంటూ మూడేళ్లలో ప్రతి ఎముక పేరూ నేర్చేసుకుంది. మొగుడు మాత్రం సెలవుల్లో ఒక్కనాడూ ఆ మూత తీయలేదు. ఆ మాట తల్లికి చెప్పనూ లేదు.

ఇంక ఒక్క అవకాశమే మిగిలింది. ఇదీ తప్పితే వేరే పిల్లను తెస్తానంది అత్త. అప్పుడొచ్చాడు తిప్పేస్వామి, గుడిసెకు పది అడుగుల దూరంలోని రాయి దాకా. అది దాటితే మగవాళ్లకు మైల. ఆమె లోపలినుంచి ఒక్కో ఎముకా ఎత్తి చూపి పేరు చెప్పించేది, తప్పు చెబితే మళ్లీ చెప్పించేది. బిడ్డ దిగే దారి ఎముకలు అతనికి ఎంతకూ ఎక్కేవి కావు. పరీక్షలో అవే అడిగారని తర్వాత ఎంత సంబరపడ్డాడో!

"మా దేవుడు పాసు చేయించినాడప్పా!" అని కాటమ్మ పొట్టేలు కోయించింది. ఆ దినం హొన్నూరమ్మ గుడిసెలోనే ఉంది. ఆమె ముద్ద దూరం నుంచి విసిరి పోయారు.

మరుసటేడు కాన్పుకూ ఆమెను ఆ గుడిసెకే పంపారు. అక్కడే నొప్పులు మొదలయ్యాయి. రెండు దినాలైనా బిడ్డ దిగలేదు. కాబోయే డాక్టరు మొగుడు సెలవులకొచ్చి ఊళ్లోనే ఉన్నాడు. వచ్చి ఆ రాయి దగ్గరే నిలబడ్డాడు.

"ఆచారం గదా హొన్నూరీ, నేనేం చేసేది? మంత్రసాని వస్తాది, ఓర్చుకో."

బిడ్డ దక్కలేదు.

పురుటి మైల నెల దాటినాక కాటమ్మ దూరంగా నీళ్ల బిందె దించింది. "పోసుకొని ఇంట్లోకి రామ్మే. వంటకు మనిషి లేదు."

"రాను అత్తా," అంది హొన్నూరమ్మ. "నీ కొడుకునే ఈడికి రమ్మను. పది అడుగులే. నా బిడ్డ ఎట్ల సచ్చిందో ఆ రాయి దాటొచ్చి ఈ పెట్టెలో ఎముకలు పట్టుకొని చెప్పమను. అప్పుడొప్పుకుంటా, పాసైనాడని."