సెత్సు పాట ఉన్న డిస్క్

జపాన్‌లోని నోషిరో ఊళ్లో, బజారు వీధిలో హిదేనోరిది కరెంటు సామాన్ల కొట్టు. తండ్రి హయాం నుంచీ ఒకే కంపెనీ సరుకు అమ్ముతున్నాడు. బల్బు మాడిపోయినా, వాషింగ్ మెషీన్ మొరాయించినా ఆ వీధివాళ్లు ఊరి బయట పెద్ద షాపుల వైపు చూసేవారు కాదు, అతన్నే పిలిచేవారు. ముఖ్యంగా టీవీల సంగతిలో అతని మాటకు తిరుగుండేది కాదు.

ఎదురుగా కిచిజీ టోఫు దుకాణం. తెల్లవారకముందే లేచి, నానిన సోయాగింజలు రుబ్బి, పాలు కాచి విరగ్గొట్టి, మధ్యాహ్నానికల్లా ఆ రోజు పని ముగించేవాడు. హిదేనోరి కంటే బాగా పెద్దవాడు. అతని భార్య సెత్సు గొంతు ఆ వీధికంతా తెలుసు. తొట్టిలోంచి టోఫు ముక్కలు తీస్తూ ఆమె సన్నగా పాడుకుంటూ ఉంటే, కొనడానికి వచ్చినవాళ్లు పొట్లం చేతిలో పడ్డాక కూడా కదిలేవారు కాదు.

రెండువేల ఏడు శరదృతువులో టీవీవాళ్లు ఊరి హాల్లో పాటల పోటీ పెట్టారు. సెత్సుకు అందులో పాడే అవకాశం వచ్చింది. ఆ కబురు తెలిసిన పూటే కిచిజీ తడి ఏప్రన్‌తోనే కొట్లోకి వచ్చి పడ్డాడు.

"ఒరేయ్ హిదేనోరీ, మీ వదిన టీవీలో కనబడుతుందిరా! బొమ్మ చెడకుండా దాచుకునే మెషీన్ ఒకటి ఇవ్వు. ఏవో రెండు రకాలు కొట్టుకుంటున్నాయటగా? బ్లూ-రే అట, హెచ్‌డీ డీవీడీ అట. నాకు రెండూ ఒకటే. ఏది తీసుకోమంటావ్?"

"మా కంపెనీదే తీసుకో అన్నా. హెచ్‌డీ డీవీడీ."

"నీ సరుకని చెబుతున్నావా, మంచిదని చెబుతున్నావా?"

"మంచిది కాకపోతే నీకెందుకిస్తాను? రేపు దేశమంతా ఇదే వాడుతుంది చూడు."

హిదేనోరి అబద్ధమాడలేదు. నిజంగానే నమ్మాడు. సినిమా కంపెనీల్లో సగం అటూ సగం ఇటూ ఉన్నాయని పత్రికల్లో చదివాడు. గెలిచేది తమ వైపేనని కంపెనీ మనిషి వచ్చినప్పుడల్లా చెప్పి వెళ్లేవాడు.

పోటీ రోజున కిచిజీ, హిదేనోరి మూడో వరసలో పక్కపక్కన కూర్చున్నారు. సెత్సు ముదురు నీలం కిమోనోలో వచ్చి పాత పడవపాట పాడింది. గెలిచినట్టు గంటలు గణగణ మోగేసరికి రెండు చేతులతో ముఖం కప్పుకుని నవ్వేసింది. అదంతా కిచిజీ ఇంట్లోని కొత్త రికార్డర్‌లో భద్రంగా పడింది.

మర్నాడు హిదేనోరి వెళ్లి ఆ పాటను డిస్క్‌లోకి మార్చిపెట్టాడు. టీవీ కార్యక్రమాలకు అప్పట్లో ఒక నియమం ఉండేది. రికార్డు చేసినదాన్ని ఒక్కసారే డిస్క్‌లోకి మార్చవచ్చు. మార్చాక మెషీన్‌లోది చెరిగిపోతుంది, డిస్క్ నుంచి మళ్లీ ఇంకో దాంట్లోకి ఎక్కించడం కుదరదు.

"చెరిగిపోయినా భయం లేదా?" అంది సెత్సు.

"మెషీన్ ఎప్పుడైనా పాడవుతుంది వదినా. డిస్క్ అయితే నీ మునిమనవలు కూడా చూస్తారు."

"ముందు మనవల్ని కననీ నా కోడల్ని!" అని ఆమె పకపకా నవ్వింది.

మంచు ఇంకా కరగకముందే, ఫిబ్రవరిలో, కంపెనీ హెచ్‌డీ డీవీడీని పూర్తిగా వదిలేస్తున్నట్టు ప్రకటించింది. హిదేనోరికి ఆ సంగతి కంపెనీ మనిషి చెప్పలేదు. అందరితో పాటే టీవీ వార్తల్లో విన్నాడు. తలుపు దగ్గర పేరుకున్న మంచును తొక్కుకుంటూ ఎదురింటికి వెళ్లి తల వంచుకుని నిలబడ్డాడు.

"క్షమించన్నా. ఓడిపోయే గుర్రాన్ని నీకు కట్టబెట్టాను."

కిచిజీ ఏదో అనబోయాడు. సెత్సే అందుకుంది. "ఆ ముఖమేమిటయ్యా, నేనేదో చచ్చినట్టు! మెషీన్ తిరుగుతోంది, నా పాట వస్తోంది. ఇక ఓడిందెవరు? రా, వేడి టోఫు తిందువుగాని."

రెండేళ్ల తర్వాత ఆమెకు కడుపులో రాచపుండు తేలింది. చెర్రీలు పూయకముందే పోయింది.

ఆ తర్వాత కిచిజీ రోజూ మధ్యాహ్నం పని ముగించి, కాళ్లు కడుక్కుని, డిస్క్ పెట్టుకుని కూర్చునేవాడు. పడవపాట వీధి దాటి కొట్లోకి వినిపించేది. హిదేనోరి భార్య మికాకో కళ్లొత్తుకునేది. హిదేనోరికి మాత్రం లోపల వేరే దిగులు. రోజూ తిప్పితే మెషీన్‌లో డిస్క్‌ను చదివే కన్ను అరిగిపోతుంది. విడిభాగాలు ఇక ఎన్నాళ్లు దొరుకుతాయో తెలియదు. వారం పది రోజులు నాన్చి, చివరికి వెళ్లి చెప్పాడు.

"కాస్త పొదుపుగా చూడన్నా. ఏడాదికొకసారి, వదిన పోయిన రోజున చూసుకుంటే చాలాకాలం వస్తుంది."

కిచిజీ డిస్క్‌ను తీసి పెట్టెలో పెట్టాడు. "నువ్వు చెబితే సరే. పని తెలిసినవాడివి," అన్నాడు.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు పాట వినబడలేదు. మంచి పని చేశానని హిదేనోరి అనుకున్నాడు. ఎక్కడెక్కడో వెతికి అలాంటి పాత మెషీన్ ఇంకొకటి సంపాదించి అటకమీద దాచాడు కూడా.

అలా కొన్నేళ్లు గడిచాయి. ప్రతి ఏటా ఆమె పోయిన రోజున హిదేనోరి, మికాకో ఎదురింటికి వెళ్లేవారు. ధూపం వెలిగించి, ముగ్గురూ కలిసి పాట చూసేవారు. ఒక ఏడు సెత్సు ముఖం చిన్న చిన్న గళ్లుగా చెదిరి మళ్లీ కూడింది. మెషీన్ ముసలిదయిందని హిదేనోరి ఆ రెండో మెషీన్ తెచ్చి బిగించాడు. ఆ మరుసటి ఏడు తెరమీద ఏ బొమ్మా రాలేదు. డిస్క్ చదవడం కుదరడం లేదన్న అక్షరాలే వచ్చాయి. పాత మెషీన్‌లో పెట్టినా అదే. సినిమా డిస్క్ ఒకటి తెచ్చి పెడితే రెండు మెషీన్లలోనూ చక్కగా ఆడింది.

మెషీన్లకు ఏమీ కాలేదు. డిస్కే పెట్టెలో పెట్టింది పెట్టినట్టు ఉండి చచ్చిపోయింది.

హిదేనోరి దాన్ని టోక్యోలో పాడైన డిస్క్‌లు బాగుచేసే వాళ్లకు పంపాడు. ఏమీ మిగల్లేదని తిప్పి పంపారు. టీవీవాళ్లకు ఫోన్ చేస్తే, ఆ నాటివన్నీ దాచలేదని ఎవరో అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది.

ఆ మాట చెప్పడానికి మధ్యాహ్నం పూట వెళ్లాడు. కిచిజీ ఆరిన టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. అతనెప్పుడూ ఆ వేళకు అక్కడే కూర్చుంటాడని హిదేనోరికి అప్పుడు తెలిసింది.

"రోజూ చూసినా ఇంతేనా?" అన్నాడు కిచిజీ, అంతా విన్నాక.

"ఇంతేనన్నా. డిస్క్ దానంతటదే పోయింది. చూడటం వల్ల అరిగింది కాదు."

"అయితే ఇన్నాళ్లూ చూడొచ్చన్నమాట."

"చూడొచ్చు."

పొయ్యిమీద కెటిల్ కూత పెడుతోంది. ఎవరూ లేవలేదు.

"కిమోనో గుర్తుంది," అన్నాడు కిచిజీ. "పాట గుర్తుంది. ముఖం కప్పుకుని నవ్వింది చూడు, అదీ గుర్తుంది. చేతులు తీశాక నా వైపు చూసిందో లేదో గుర్తు రావడం లేదురా. ఈసారి చూసేటప్పుడు గమనించాలి అనుకున్నాను. నువ్వు నా పక్కనే ఉన్నావుగా. చూసిందా?"

చూసిందని చెప్పేయాలనిపించింది హిదేనోరికి. ఒక్క మాట, ఎవరూ కాదనలేరు. కానీ ఈ మనిషికి ఇంతకుముందు తెలియని సంగతులు తెలిసినట్టే చెప్పాడు. అతను ప్రతిసారీ నమ్మాడు.

"నేను గంటలు మోగించేవాడి వైపు చూస్తున్నానన్నా. నాకు తెలియదు."

కిచిజీ తల ఊపాడు. లేచి కెటిల్ దించి ఇద్దరికీ టీ పోశాడు. హిదేనోరి తాగి వచ్చేశాడు.

ఆ తర్వాత కిచిజీ పోట్లాడిందీ లేదు, మాట తూలిందీ లేదు. మికాకో వెళితే ఎప్పటిలాగే టోఫు తూచకుండా ఒక ముక్క ఎక్కువే వేసేవాడు. కానీ హిదేనోరి కొట్లో మాత్రం మళ్లీ కాలు పెట్టలేదు. ఆ చలికాలం అతని దుకాణంలో బల్బు మాడిపోతే, బస్సెక్కి ఊరి బయట పెద్ద షాపుకు వెళ్లి తెచ్చుకున్నాడు. మంచులో ఆ షాపు సంచి పట్టుకుని మెల్లగా నడిచి వస్తుండగా హిదేనోరి కొట్టు అద్దంలోంచి చూశాడు. స్టూలు వేసుకుని ఎక్కడం చూశాడు. ముసలివాడు, పడిపోతాడేమోనని గుమ్మం దాకా వెళ్లి అక్కడే ఆగిపోయాడు.

"వెళ్లండి," అంది మికాకో వెనకనుంచి.

అతను కదల్లేదు. ఎదురుగా దీపం వెలిగింది. కిచిజీ స్టూలు పట్టుకుని జాగ్రత్తగా దిగి, గింజలు నానబెట్టడానికి లోపలికి వెళ్లిపోయాడు.