రెన్నీ కూర్చున్న మూల

పొద్దున్నే లవాన్ మొక్కజొన్న రొట్టె ఓవెన్‌లో పెట్టేసరికి, మనవరాలు డెసీ తన తడి మేజోళ్ళు తెచ్చి సోఫా ఎడమ మూలన పరిచేది. స్కూలు బస్సు వచ్చేలోపు అవి ఆరిపోయేవి. ఆ మూల రెన్నీది. రెన్నీ డెసీ తల్లి, లవాన్ పెద్దకూతురు. కిందటి చలికాలం అక్కడే కూర్చుని ప్రాణం విడిచింది. మనిషిని మోసుకెళ్ళారు గానీ, ఒంటి వేడి మాత్రం అక్కడే ఉండిపోయింది.

వెస్ట్ వర్జీనియా కొండల మధ్య ఆ లోయలో దీన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. బొగ్గుగనిలో మోకాళ్ళు అరగదీసుకున్న పక్కింటి బర్ల్, నొప్పి ఎక్కువైన రోజున వచ్చి ఆ మూల కాసేపు కూర్చునేవాడు. మీ రెన్నీ నా డాక్టరు కంటే నయం, కసురుకోదు, అని లేచి వెళ్ళేవాడు.

రెన్నీ వృద్ధాశ్రమంలో పనిచేసేది. ముసలివాళ్ళకు స్నానాలు చేయించేది, తలలు దువ్వేది. నడవలేని ముసలమ్మకు కూడా జడకు రిబ్బను కట్టి, ఇవాళ ఎవర్ని పడగొడతావే పిల్లా అని ఆటపట్టించేది. సెలవు దొరికితే డెసీని వాగులోకి దింపి, రాళ్ళు కదిపి ఎండ్రకాయల్ని చూపించేది. విరిగిన ముందు పన్ను కనబడుతుందని నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఒకరోజు ఓ భారీ మనిషిని మంచం మీంచి లేపబోతే నడుం పట్టేసింది. డాక్టరు నొప్పికి మత్తు మాత్రలు రాశాడు. ఆయన ఆపేశాక అవే మాత్రలు వేరేచోట దొరికాయి. అక్కడా దొరకనప్పుడు మత్తు పొడి దొరికింది. తర్వాత్తర్వాత ఆ చెయ్యి నోటిదాకా వెళ్ళే అవసరమే లేకపోయింది, నవ్వు తగ్గిపోయింది గనక. మధ్యలో మానేసింది కూడా. డెసీ పుట్టినరోజుకి తనే కేకు చేసింది. ఇక గట్టెక్కిందనుకున్నారు. ప్రాణం పోయిన ఆ మధ్యాహ్నం సోఫాలో నిద్రపోతోందనుకుని లవాన్ దుప్పటి కప్పి, బంగాళాదుంపలు చెక్కు తీయడానికి వెళ్ళింది. రెన్నీకి అప్పుడు ఇరవయ్యేడేళ్ళు.

ఆనాటి నుంచి లవాన్‌కు ఇంట్లో చప్పుడు లేకపోతే భయం. గదిలో ఎవరు పడుకున్నా వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. మత్తు ఎక్కువై ఊపిరి ఆగితే ముక్కులోకి కొట్టే విరుగుడు మందు చర్చిలో పంచిపెడితే, దాన్ని ఆప్రాన్ జేబులో పెట్టుకునే తిరిగేది. ఇప్పుడామె భయమంతా చిన్నకూతురు టామ్రా గురించి.

టామ్రా పెట్రోలు బంకులో పనిచేస్తూ అదే ఇంట్లో ఉండేది. నోరు పెద్దది. తల్లితో రోజుకో గొడవ. అలాంటిది శరత్కాలం వచ్చేసరికి తియ్యగా మాట్లాడటం మొదలుపెట్టింది. గిన్నెలు కడగనా, నీ కాళ్ళు పట్టనా అని అడిగేది. అది చూసి లవాన్ ఆప్రాన్ జేబు తడుముకునేది. మునిగిపోయే ముందు రెన్నీ కూడా ఇంతే మంచిదైపోయింది. భోజనాల బల్ల దగ్గర టామ్రా తల ముందుకు వాలిపోతూ ఉంటే, ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"నిజం చెప్పవే. మాత్రలేనా, పొడిదాకా వచ్చావా?"

"నేను రెన్నీని కాదమ్మా," అంది టామ్రా మెల్లగా. "నీ లెక్కలో ఎప్పుడూ కాలేదుగా."

లవాన్‌కు గొడవపడితే ఇల్లు వదిలిపోతుందని భయం, ఊరుకుంటే ఇంట్లోనే పోతుందని భయం.

ఆ శనివారం మధ్యాహ్నం వాషింగ్ మెషిన్ తిరుగుతోంది. లవాన్ చిక్కుడుగింజలు ఉడికిస్తోంది. సోఫాలో బొమ్మలకు రంగులేసుకుంటున్న డెసీ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అమ్మమ్మా, అమ్మ లేచి వెళ్ళింది."

లవాన్ గరిటె వదిలేసి వెళ్ళి ఆ మూల చెయ్యి ఆనించింది. ఆరుబయట పడేసిన గుడ్డలా చల్లగా ఉంది. ఇన్నాళ్ళలో అలా ఎప్పుడూ లేదు. డెసీ అప్పటికే వట్టి కాళ్ళతో తివాచీ మీద తడుముకుంటూ నడుస్తోంది. ఇక్కడ వెచ్చగా ఉంది, ఇదిగో ఇక్కడ కూడా, అంటూ నడవ దాటి స్నానాలగది ముందు ఆగిపోయింది. తలుపు పిడి పట్టుకోబోయి, చురుక్కుమని కాలడంతో చెయ్యి వెనక్కి లాక్కుంది.

లోపల ఫ్యాన్ తిరుగుతోంది. లవాన్ పిలిచింది. పలుకు లేదు. మళ్ళీ పిలిచింది. గడియ లోపల్నించి వేసి ఉంది. ఆమె భుజంతో తోసింది. వేడికి మెత్తబడ్డ చెక్కలోంచి గడియ మేకులు ఊడివచ్చాయి.

టామ్రా తొట్టికీ గోడకీ మధ్య పడి ఉంది. పెదాలు నీలం. లవాన్ అంబులెన్సుకు ఫోన్ చెయ్యమని డెసీని తరిమి, మందు కూతురి ముక్కులోకి కొట్టి, నోట్లో నోరుపెట్టి ఊపిరి ఊదింది. ఒళ్ళంతా మంచుముద్ద. ఆసరా కోసం పట్టుకున్న కుడి మణికట్టు ఒక్కటే వెచ్చగా తగిలింది, అప్పటిదాకా ఎవరో గట్టిగా పట్టుకుని ఉన్నట్టు. ఊదుతూనే ఉంది. రెండో మోతాదు కొట్టింది. వంటింట్లో చిక్కుళ్ళు మాడుతున్న వాసన వస్తుండగా, టామ్రా గుక్క తిప్పుకుని, దగ్గి, తల్లిని బూతు తిట్టింది. లవాన్ ఆ తిట్టు విని నేలమీద కూలబడి ఏడ్చింది.

రెన్నీ మళ్ళీ తన మూలకు రాలేదు. ఇంటి గోడలు, మెట్లు, కుర్చీలు అన్నీ తడిమి చూశారు. బర్ల్ ఒకరోజు వచ్చి సోఫాలో కూర్చున్నాడు, వెంటనే లేచి, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. డెసీ పిన్నితో మాట మానేసింది.

మత్తు మాన్పించే చికిత్సాలయం వ్యాను వచ్చే రోజున టామ్రా సంచీ పక్కన పెట్టుకుని ముందు మెట్ల మీద కూర్చుంది. తలుపు దగ్గర నిలబడ్డ లవాన్‌కు భయం ఏ మాత్రం తగ్గలేదు. వెళ్ళినవాళ్ళందరూ మానేసి నిలబడరని ఆమెకు తెలియనిది కాదు. డెసీ వచ్చి పిన్నికి కాస్త ఎడంగా కూర్చుంది.

"నావల్లే మీ అమ్మ వెళ్ళిపోయింది. నీకు నామీద కోపంగా ఉందా?" అని అడిగింది టామ్రా.

"ఉంది," అంది డెసీ.

దగ్గరికి జరిగి పిన్ని చెయ్యి పట్టుకుంది. చెమట పట్టిన మామూలు చెయ్యి. ఆ పిల్ల అటూ ఇటూ తిప్పి, మణికట్టు కూడా తడిమి చూసింది.

"చల్లగా ఉంది," అంది.

అయినా వదల్లేదు. వ్యాను వచ్చి ఆగి, తలుపు తెరుచుకున్నాక కూడా వదల్లేదు. టామ్రానే ఒక్కొక్క వేలూ విడదీసుకుని, లేచి, వెళ్ళి ఎక్కింది.