కనకదుర్గ చేతుల్లో చలి

కెనడాలో, హామిల్టన్‌లో కనకదుర్గ ఇంట్లో పెరుగు తోడుకుని రెండు చలికాలాలు దాటిపోయాయి. అయినా ఆవిడ రోజూ పాలు కాచేది, గోరువెచ్చగా చల్లార్చేది, తోడేసి మూతపెట్టి పడుకునేది. పొద్దున మూత తీస్తే పాల మీద మంచు పలుకులు కట్టి ఉండేవి. వాటిని సింకులో ఒంపేసి హాస్పిటల్‌కి డ్యూటీకి పోయేది. మరి రోజూ ఎందుకమ్మా ఈ తంతు అని ఎవరైనా అడిగితే ఏం చెప్పేదో గానీ, ఎవరూ అడగలేదు.

భర్త అమరేశ్వరరావు ఇంటిముందు మంచు ఎత్తిపోస్తూ గుండె ఆగి పడిపోయాడు. అంబులెన్స్ వచ్చేదాకా ఆయన చెయ్యి పట్టుకుని ఆవిడ ఆ మంచులోనే కూర్చుంది. ఆ చేతిలోని చలి ఈవిడ చేతుల్లోకి ఎక్కి అక్కడే తిష్ట వేసింది. అప్పట్నుంచి ఆవిడ గ్లాసు పట్టుకుంటే నీళ్ళు గడ్డకట్టేవి. హాస్పిటల్‌వాళ్ళు దానికేమీ హైరానా పడలేదు. ఆవిణ్ణి వార్డులోంచి తీసి రక్తం నిల్వచేసే గదిలో వేశారు, అంతే. పక్కింటావిడైతే ఎండాకాలంలో నిమ్మరసం జగ్గు పట్టుకొచ్చి, "కాసేపు పట్టుకుంటావా దుర్గా" అనేది. ఈవిడ పట్టుకునేది. ఏడుపు రాలేదు, ఆకలి తెలిసేది కాదు, రోజులు వాటిమానాన అవి పోయేవి.

అలాంటిది, ఎడ్మంటన్ నుంచి కూతురు భవిత ఫోన్ చేసింది. "అమ్మా, వచ్చే నెలే డెలివరీ. నీకు టికెట్ బుక్ చేసేస్తున్నా. బేబీకి స్నానం నువ్వే చేయించాలి. వీడియోలు చూసి చేయడం నా వల్ల కాదు."

"చూద్దాంలే" అని కనకదుర్గ ఫోన్ పెట్టేసింది. కాళ్ళు చాపుకుని, వాటి మీద పసిగుడ్డుని పడుకోబెట్టి, వేణ్నీళ్ళు పోస్తూ ఒళ్ళంతా రుద్దాలి. ఈ చేతులతోనా? తగిలితే వేణ్నీళ్ళే గడ్డకడతాయి, ఇక ఆ పిల్ల గతేం కాను? ఆవిడ లోపల ఇంకా కదులుతున్నది ఆ ఒక్క భయమే.

హాస్పిటల్ లాండ్రీలో పనిచేసే శకుంతలకి నోరు ఊరుకోదు. "అక్కా, శనివారం చర్చి హాల్లో కాంట్రా డాన్సుకి రా. నేను పోతూనే ఉంటాగా! ఎదురెదురుగా రెండు వరసలు, పాటకి తగ్గట్టు అడుగులు, ప్రతి విడతకీ ఎదుటి జంట మారిపోతుంది. అచ్చం మన కోలాటమే అనుకో."

కోలాటం అంది కాబట్టి ఒప్పుకుంది. కోలాటంలో కర్రకి కర్ర తగులుతుంది గానీ చేతికి చెయ్యి తగలదు కదా! బేస్‌మెంట్‌లో పెట్టె వెతికి, పాత కోలాటం కర్రలు సంచీలో వేసుకుని మరీ వెళ్ళింది.

డాన్సుకి ముందు కొత్తవాళ్ళకి పాఠం చెప్పారు. స్టేజి మీద ఒకావిడ మైకు పట్టుకుని ఏ అడుగు తరవాత ఏదో చెబుతోంది. వెనక ఫిడేలు వాయించేవాళ్ళు శ్రుతి చూసుకుంటున్నారు. "ముందుగా అందరూ చేతులు పట్టుకోండి" అంది మైకావిడ.

"ఏమే, కోలాటమన్నావు! కర్రలేవీ?" కనకదుర్గ సంచీ తెరిచి చూపించింది.

"ఓరి దేవుడో! కర్రలు తెచ్చావా అక్కా?" శకుంతల పొట్ట పట్టుకుని నవ్వింది.

చెయ్యి చాపిన మొదటి మనిషికి కనకదుర్గ దండం పెట్టింది. ఆయనా మర్యాదగా తిరిగి పెట్టాడు. ఆ పక్కావిడా పెట్టింది. వెనకవాళ్ళు వచ్చి వీళ్ళని గుద్దుకున్నారు, వరసంతా కలగాపులగమైంది. "దండం బాగుంది గానీ, చేతులివ్వకపోతే లైను కదలదు" అంది మైకావిడ నవ్వుతూ.

అప్పుడు ఎదురుగా ఉన్న బిల్ అనే ఆయన చెయ్యి చాపాడు. ఉక్కు మిల్లులో చేసి రిటైరైన ముసలాయన.

"నా చేతులు చల్లగా ఉంటాయి" అంది కనకదుర్గ.

"జనవరి కదా" అన్నాడాయన, పట్టేసుకుని. మంచు ఆయన మణికట్టు దాకా పాకింది. "కాళ్ళవైపు చూడకు, కళ్ళు తిరుగుతాయి. నా మొహంలోకి చూడు. కాస్త వెనక్కి వాలు. నీ బరువు నేను పట్టుకుంటా, నా బరువు నువ్వు పట్టుకో."

ఫిడేలు మొదలైంది. ఆవిడ ఒక మనిషి మొహంలోకి సూటిగా చూసి ఎన్నాళ్ళయిందో! బిల్ గిర్రున తిప్పి ముందుకు పంపించాడు. ఎవరో నర్సు అందుకుంది, తరవాత ఎవరో బడిపంతులు. పట్టుకున్న ప్రతివాళ్ళ అరచేతిలో కాస్త మంచు అంటుకుంది, అది వాళ్ళ నుంచి ఆ పక్కవాళ్ళకి పోయింది. నేల తడిసింది. పాట పాటకీ మధ్య ఎవరో మాప్ తెచ్చి తుడిచేసి మళ్ళీ వరసలో కలిశారు.

వరస చివరికి చేరిన జంట ఒక విడత ఊరికే నిలబడాలి. అక్కడ శకుంతల పక్కన నిలబడి కనకదుర్గ తన చేతులు చూసుకుంది. నీళ్ళు కారుతున్నాయి.

"ఈ చలి పోతోందే శకుంతలా."

"పోతే మంచిదేగా అక్కా!"

"ఏం మంచిదే? ఆయన చెయ్యి ఇది. ఇంకేం మిగిల్చాడు నాకు?"

ఆవిడ కోటు గోడకి తగిలించే ఉంది, వేసుకుని వెళ్ళిపోవచ్చు. అంతలో కొత్త జంట ఎదురొచ్చి చేతులు చాపింది. కనకదుర్గకి వేణ్నీళ్ళు గుర్తొచ్చాయి. ఎడమచేతి చిటికెనవేలు లోపలికి మడిచి పెట్టుకుని, మిగతా చెయ్యంతా ఇచ్చేసింది.

మర్నాడు మూత తీస్తే గిన్నెలో పెరుగు గట్టిగా తోడుకుని ఉంది. నిలబడే గిన్నెడూ తినేసింది. అప్పుడొచ్చింది ఏడుపు. సింకు పట్టుకుని బోరుమని ఏడ్చి, ముక్కు తుడుచుకుని, భవితకి ఫోన్ చేసింది. "టికెట్ బుక్ చెయ్యవే."

ఎడ్మంటన్‌లో పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, మనవరాలిని పడుకోబెట్టుకుంది. చిటికెనవేలు దూరంగా ఎత్తిపెట్టి, కుడిచేత్తో నీళ్ళు పోసింది. నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి. పిల్ల చేతులు గాల్లో ఆడించి ఆడించి, సరిగ్గా ఆ వేలినే ఒడిసి పట్టుకుంది.

కనకదుర్గ గబుక్కున లాక్కోబోయింది. పిల్ల వదల్లేదు, ఏడవనూ లేదు.

"అమ్మా, ఆ వేలు చల్లగా ఉందేమో!" అంది భవిత కంగారుగా.

"పట్టుకోనీవే. వాళ్ళ తాతయ్య."

పిడికిలి సందులోంచి నీళ్ళు కారడం మొదలైంది. కనకదుర్గ వేలు అలాగే ఉంచి, ఇంకో చెంబు వేణ్నీళ్ళు ముంచింది.