గ్యాసు వారి శుభకార్యం

గోవిందమ్మకు కోపం వచ్చిందని కనిపెట్టడం కష్టం. కోపమొస్తే ఆమె అరవదు, నవ్వుతుంది. ఆ నవ్వు చూసి మోసపోయినవాళ్ళు ప్రొద్దుటూరులో చాలామందే ఉన్నారు. వాళ్ళలో చివరివాడు గ్యాసు కంపెనీ మేనేజరు సాయినాథ్.

ఆమెది ఓళిగల వ్యాపారం, కోస్తావాళ్ళు బొబ్బట్లంటారే, అవి. ముప్పై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా, సీమంతమయినా, గృహప్రవేశమయినా, విస్తట్లో పడే ఓళిగ ఆమె పెనం మీద కాలిందే. మూడేళ్ళ కిందట వీధిలోకి పైపు గ్యాసు వచ్చినప్పుడు, కాల్చినంతకే బిల్లు అన్న కంపెనీవాళ్ళ మాట నమ్మి సిలిండర్లు తిరిగి ఇచ్చేసింది. ఆ పద్ధతి ఆమెకు నచ్చింది, ఎందుకంటే ఆమె పొయ్యి ఏడాదంతా వెలగదు. ముహూర్తాలున్న నెలల్లో తీరిక లేకుండా మండుతుంది. ఆషాఢమో మూఢమో వచ్చిందంటే చల్లారి కూర్చుంటుంది.

జ్యేష్ఠంలో బిల్లుతో పాటు ఒక కాగితం వచ్చింది. ఇకమీదట గ్యాసు వాడినా వాడకపోయినా నెలనెలా మినిమం చార్జీ కట్టాలట. ఇళ్ళకు మూడు వందలు, ఆమెలాంటి వంటవాళ్ళకు రెండు వేలు. ధరల మండలి ఒప్పుకోవడమే తరువాయి. పొయ్యి వెలగని ఆరు నెలలకే ఏడాదికి పన్నెండు వేలు! ఏడాది చివర్న ఆమెకు మిగిలేదే అంత. మొగుడు పోయి పదేళ్ళయింది, పిల్లల్లేరు. ఆ పొయ్యి తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు, నిజం చెప్పాలంటే వేరే ముచ్చటా లేదు.

పక్కింట్లో బట్టలు కుట్టే బిస్మిల్లా బీని వెంటబెట్టుకుని పులివెందుల బస్సెక్కింది. కంపెనీ ఆఫీసు అక్కడే ఉంది.

"పొయ్యి ముట్టించని నెలకు దుడ్లు ఎందుకు కట్టల్ల సార్?"

"మీరు వాడకపోయినా మా పైపు మీ ఇంట్లో ఉంటుంది కదమ్మా" అన్నాడు సాయినాథ్. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి నాలుగు నెలలే అయింది, మాట మెత్తన. "అభ్యంతరముంటే విచారణలో చెప్పుకోవచ్చండీ. పేపర్లో వేశాం, చూడలేదా?"

పేపరు తీసి చూపించాడు. టెండర్ల పేజీలో ఓ మూల, చీమ తలకాయంత అక్షరాలు. వచ్చే నెల పన్నెండున మండలి అధ్యక్షుడు జమ్మలమడుగుకు వస్తాడు. అభ్యంతరం చెప్పదలచినవాళ్ళు వంద రూపాయల రుసుము కట్టి, పేరూ ఊరూ రాయించుకుని రసీదు తీసుకోవాలి. వందమందికి తక్కువైతే జనానికి అభ్యంతరం లేనట్టే లెక్క.

"పోయినసారి పక్క జిల్లాలో ఇద్దరొచ్చారు" అన్నాడు సాయినాథ్. "అందులో ఒకాయన బస్సు ఆలస్యమై నీడకోసం వచ్చాడు."

గోవిందమ్మ నవ్వింది. "జమ్మలమడుగులో యాడ సార్?"

"కల్యాణ మండపంలో. ఆషాఢం కదా, సగం బాడుగకే ఇచ్చారు."

గోవిందమ్మ ఇంకా బాగా నవ్వింది. పాపం, ఆయన కూడా నవ్వాడు.

తిరుగు బస్సులో బిస్మిల్లా బీ మొహం వేలాడేసుకుని కూర్చుంది. "వంద రూపాయలు పారేసి గ్యాసు గురించి మాట్లాడను ఎవురొస్తారక్కా? ఊరికే రమ్మన్నా రారు."

"పేపరు చూసి రారు బిస్మిల్లా. కార్డు చూసి వస్తారు."

ఊళ్ళో శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సు ఆమెకు పాత పరిచయం. తప్పిపోయిన సంబంధం తాలూకు కార్డులు అక్కడ ఓ కట్ట మిగిలిపోయి ఉన్నాయి, బంగారు అంచు, పైన వినాయకుడి బొమ్మ. లోపల ఆమె అచ్చు వేయించిన దాంట్లో అబద్ధం ఒక్కటి లేదు. గ్యాసు ధరల బహిరంగ విచారణ, తేదీ, మండపం పేరు, తమ తమ అభ్యంతరాలతో తప్పక విచ్చేయ ప్రార్థన, ఇట్లు గోవిందమ్మ. ఆ తర్వాత నాలుగు మూలలా పసుపు రాసింది.

మన దగ్గర పసుపు రాసిన కార్డును ఎవరూ చదవరు. తేదీ చూస్తారు, మండపం చూస్తారు, అలమారలో పెడతారు. గోవిందమ్మ మొగుడు లేనిదాన్నన్న జంకు లేకుండా ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి మరీ ఇచ్చింది. బొట్టు పెట్టుకోని ఇళ్ళలో కలకండ చేతిలో పెట్టి ఇచ్చింది. ముప్పై ఏళ్ళు అందరి శుభకార్యాలకూ ఓళిగలు మోసిన మనిషి మొదటిసారి తానుగా పిలవడానికి వస్తే, రానని ఎవరంటారు? కొందరు ఆడవాళ్ళయితే ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తనకంటూ ఒక కార్యం లేదన్న సంగతి ఆమె ఎన్నడూ పైకి అనలేదు, మరి వీళ్ళందరికీ ఎలా తెలుసో!

పందిళ్ళు వేసే జిలానీ ఒక్కడే అడిగాడు. "ఆషాఢంలో ఏంది కార్యం గోవిందమ్మా?"

"గ్యాసు కంపెనీవాళ్ళది మామా. వాళ్ళకు ఆషాఢం పట్టింపు లేదంట."

అదీ అబద్ధం కాదు.

పన్నెండో తేదీ పొద్దున పదిన్నరకు మండపం ముందు ఆటోలు బారులు తీరాయి. పట్టుచీరలు, మల్లెపూలు, ఇస్త్రీ చొక్కాలు. గుమ్మం పక్కన బల్ల వేసుకుని కంపెనీ గుమాస్తా భవ్య రిజిస్టరుతో కూర్చుంది. మండపం గుమ్మంలో బల్ల, బల్ల మీద పుస్తకం, పుస్తకం ముందు మనిషి కనబడితే మనవాళ్ళు ఏం చేస్తారో చెప్పాలా? వరసగా నిలబడి, నూట పదహారు తీసి చదివించారు. పేరు చెప్పారు, ఊరు చెప్పారు. రుసుము వందేనని భవ్య పదహారు తిరిగి ఇవ్వబోతే, చదివింపు వెనక్కి తీసుకుంటామా అని కసిరారు. ఆ పిల్లది పక్కనే ముద్దనూరు. సంగతి ఐదో మనిషికే అర్థమైంది. పై అధికారి ముందు నవ్వకూడదని పెదవి కొరుక్కుంటూ రాసుకుపోయింది, కంపెనీ ముద్ర, మేనేజరు సంతకం ఉన్న రసీదులు చించి ఇస్తూ పోయింది.

ఈ చదివింపుల సంగతి తనకు తట్టనే లేదని గోవిందమ్మ ఈనాటికీ అంటుంది. తట్టకుండా ఎట్లుంటుందని బిస్మిల్లా బీ అంటుంది. ఎవరిని నమ్ముతారో మీ ఇష్టం.

పదకొండింటికి మండలి అధ్యక్షుడు యోగానంద లోపలికి వచ్చి, హాలు చూసి, తప్పు మండపానికి వచ్చామేమోనని వెనక్కి తిరిగాడు. సాయినాథ్ ఆయన్ని పట్టుకుని వేదిక మీద కూర్చోబెట్టాడు. రిజిస్టరులో మూడు వందల నలభై పేర్లున్నాయి. సాయినాథ్‌కు చొక్కా తడిసిపోయింది. ఆయన గంటన్నరసేపు కంపెనీ ఖర్చులు చదివాడు. జనం ఓపిగ్గా విన్నారు. పెళ్ళి మంత్రాలు మాత్రం ఎవరికి అర్థమవుతాయి కనుక!

తర్వాత అధ్యక్షుడు రిజిస్టరు చూసి మొదటి పేరు పిలిచాడు. జిలానీ మైకు దగ్గరకు వచ్చాడు.

"మీ అభ్యంతరం ఏమిటో చెప్పండి."

"అభ్యంతరమా?" జిలానీ నొచ్చుకున్నాడు. "శుభమా అని కార్యం జరుగుతాంటే మాకేం అభ్యంతరం సామీ? నూరేండ్లు సల్లంగా ఉండల్ల."

అభ్యంతరం లేదు అని రాసుకున్నారు. రెండో పేరు రాహేలు టీచరమ్మది. ఆమె కళ్ళు మూసుకుని, రెండు కుటుంబాలనూ దేవుడు దీవించాలని ప్రార్థన చేసింది. అభ్యంతరం లేదు. మూడో మనిషి అక్షింతలు ఎక్కడని అడిగాడు. సాయినాథ్ మొహంలోకి రక్తం తిరిగి వచ్చింది. వెనక వరసలో గోవిందమ్మకు భయమేసింది. మూడు వందల నలభై మందిని తానే పోగుచేసి, తన పొయ్యి తానే ఆర్పుకుంటున్నట్టుంది. లేచి అరుద్దామనుకుంది. గడియారం చూసింది. ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ. పెదవి బిగబట్టి కూర్చుంది.

ఒంటిగంట దాటింది. పద్దెనిమిదో దీవెన అయ్యేసరికి పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచి సాయినాథ్‌నే అడిగాడు. "మొదటి బంతి ఎప్పుడు కూర్చోబెడతారప్పా?"

"బంతి ఏంటండీ?"

"అన్నాలప్పా, అన్నాలు."

ధైర్యం చిక్కిన మనిషి నోరు జారడం సహజం. "భోజనాలేంటండీ? టీ ఇచ్చాం, రెండేసి బిస్కెట్లు ఇచ్చాం. ఇదేమన్నా పెళ్ళా?"

హాల్లో లేచిన గోల ఎదురుగా ఉన్న బస్టాండు దాకా వినబడింది. జిలానీ కుర్చీలు దాటుకుంటూ వచ్చి మైకు లాక్కున్నాడు. "నా మాట వెనక్కి తీసుకుంటాండా! రాసుకోండి. నూటపదహార్లు తీసుకొని, రసీదు చేతిలో పెట్టి, కూడు పెట్టకుండా పంపిస్తారా? మాకు శానా అభ్యంతరం ఉంది!"

రాహేలు టీచరమ్మ కూడా దీవెన వెనక్కి తీసుకుంది.

"ఈ అభ్యంతరం గ్యాసు ధరలకు సంబంధించింది కాదు" అన్నాడు సాయినాథ్.

అప్పుడు లేచింది గోవిందమ్మ. మెల్లగా నడిచి వచ్చి మైకు అందుకుంది. మొహం నవ్వుతోంది.

"సంబంధించిందే సామీ. పొయ్యి ముట్టించకపోయినా నెలనెలా దుడ్లు కట్టల్ల అంటాండారు. అంటే ఏంది? చదివింపులు తీసుకుంటారు, కూడు పెట్టరు. మా జిలానీ మామ అదే కదా చెప్పింది? ఒక్కపూటకే వీళ్ళకు ఇంత కడుపు మండితే, నేను ఏడాదికి ఆరు నెలలు ఎట్ల ఓర్చుకోవల్ల? అందరూ కార్డు తీసి ఒకసారి చదవండప్పా."

కార్డులు బయటికి వచ్చాయి. చదివినవాళ్ళు చదవనివాళ్ళకు చెప్పారు. ఇళ్ళకూ నెలకు మూడు వందలని గోవిందమ్మ చెప్పేసరికి గోల రెట్టింపయింది. మోసం చేశావని గోవిందమ్మను మాత్రం ఎవరూ అనలేదు. ఆకలి ఎవరి వల్లనో కళ్ళారా చూశారు కదా! యోగానంద కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "రుసుము కట్టారు, రసీదు ఉంది, అభ్యంతరమూ ఉంది. మూడు వందల నలభై" అన్నాడు. "మేనేజరు గారూ, ఇంకేం కావాలి?"

విచారణ ముగిసి జనం కోపంగా గుమ్మం దాటేసరికి, బయట గోడవార బిస్మిల్లా బీ రెండు ఆటోల్లోంచి గిన్నెలు దించుతోంది. చిత్రాన్నం, పెరుగన్నం, బుట్టల నిండా ఓళిగలు. గోవిందమ్మ ఇంట్లో ఉన్న బియ్యం, బెల్లం, శనగబేడలు మొత్తం ఊడ్చి తెల్లవారుజాము నుంచి వండింది.

"గంట నుంచి కాచుకోనుండాను కదక్కా" అని గొణిగింది బిస్మిల్లా బీ. "ముందే పెట్టింటే ఈ అరుపులు ఉండేటివి కాదు."

"కడుపు నిండినోళ్ళు అభ్యంతరం చెప్తారా బిస్మిల్లా?" అంది గోవిందమ్మ. మొదటి విస్తరి సాయినాథ్‌కే వేయించింది.

శ్రావణంలో మండలి ఉత్తర్వు వచ్చింది. పొయ్యి వెలగని నెలకు చార్జీ లేదు. అదే వారం పులివెందుల ఆఫీసులో సాయినాథ్ బల్ల మీద పసుపు రాసిన శుభలేఖలు పడటం మొదలయింది. ఒకటి, రెండు, పదిహేడు. ప్రతి కార్డుకూ ఆయన సంతకమున్న రసీదు నకలు గుండుసూదితో గుచ్చి ఉంది. చదివింపులు తీసుకున్నవాడు తిరిగి వచ్చి చదివించాలి, ఇది ఏ మండలీ కొట్టివేయలేని నిబంధన. ఆయన వెళ్ళాడు. వెళ్ళక ఏం చేస్తాడు, ఉద్యోగం ఇక్కడే చెయ్యాలి కదా!

ఏడో పెళ్ళిలో బంతిలో కూర్చున్నప్పుడు, గోవిందమ్మే స్వయంగా వచ్చి ఆయన విస్తట్లో వేడి ఓళిగ వేసి నెయ్యి పోసింది.

"అమ్మా, ఇంకా ఎన్ని ఉన్నాయి?" అని నీరసంగా అడిగాడు.

"ఇంకా మూడు వందల ముప్పైమూడు సార్" అంది గోవిందమ్మ. ఈసారి ఆమె నవ్వులో కోపం లేదు. "తొందరేముంది, తినండి."