గీకిన నాలుక

చొక్కాల ఫ్యాక్టరీ మూడో వరసలో అంతమంది ఆడవాళ్లకి ఒకటే వెదురు బిళ్ల. మేస్త్రీ ఛ్యావ్ బల్ల పక్కన మేకుకి వేలాడుతుంటుంది. దొడ్డికి పోవాలంటే దాన్ని మెడలో వేసుకుని పోవాలి, తిరిగొచ్చి మళ్లీ తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే ఎవరి కడుపు ఎలా మెలితిరిగినా కూర్చున్నచోటే కూర్చోవాలి. ఈ ఏర్పాటు చేసినవాళ్లకి పేగులు లేవేమో మరి.

సూచిన్‌కి ఉన్నాయి. రెండేళ్లుగా అవి ఆమెని పీక్కు తింటున్నాయి. కాలర్లు కుట్టడానికి కూర్చుంటే చాలు, బొడ్డు కింద కత్తి తిప్పినట్టు నొప్పి. తర్వాత జిగట విరేచనం, ఆ తర్వాత నెత్తురు. జిగట సంగతి వరసంతా తెలుసు. నెత్తురు సంగతి ఆమెకొక్కదానికే తెలుసు.

"బిళ్లేమన్నా నీ పుట్టింటి సొత్తా వదినా?" అనేది పక్క మిషను యిన్‌ఫంగ్. ఆమెకి ఆరో నెల. "మాకూ కడుపులున్నాయి. నా కడుపులో వీడొకడు, ఎప్పుడు చూసినా తన్నుతూనే ఉంటాడు."

"ఇదిగో వచ్చేశానే తల్లీ. ఈసారి నువ్వే ముందు వెళ్లు."

ఆఖరికి ఛ్యావే తేల్చేశాడు. "ఫ్యాక్టరీ వైద్యుడు కువాంగ్ దగ్గర సూదులు వేయించుకో. కొత్త సంవత్సరం పండగలోపు బాగుపడ్డావా, ఉంటావు. లేదా, మూటా ముల్లే సర్దుకో." పని పోతే ఫ్యాక్టరీ ఇచ్చిన గది పోతుంది. గది పోతే కూతురు బడి మాని, నాన్‌తోంగ్ పట్నం వదిలి, తల్లితో పాటు పల్లెలో బురద తొక్కాలి. సూచిన్ వెళ్లి కువాంగ్ బల్ల మీద పడుకుంది.

కువాంగ్ ముసలాయన. రోగుల్ని పాచి నోటితో రమ్మంటాడు. కడిగిన నాలుక చూసి వైద్యం చేయనంటాడు. సూచిన్ నాలుక మీద పాచి మందంగా, పచ్చగా, జిగురుగా ఉంది.

"పేగుల్లో తేమ చేరింది, వేడి చేరింది. నెత్తురు పడుతోందా?"

"లేదు డాక్టరు గారూ."

పడుతోందంటే పెద్దాసుపత్రికి పంపుతాడు. అక్కణ్ణించి వచ్చేసరికి ఆమె మిషను మీద ఇంకెవరో కూర్చుని ఉంటారు.

మోకాళ్ల కింద చెరొక సన్నటి సూది గుచ్చి ఉంచేవాడు, బొడ్డుకి అటొకటి ఇటొకటి. వేళ్ల మధ్య సూదిని తిప్పుతూ ఆయన, "లాగుతోందా?" అని అడిగేవాడు.

"బరువెక్కింది."

"అలాగే ఉండాలి. కదలకు."

పక్క బల్ల మీద ఎవరి నడుముకో కాపడం పెట్టడానికి మాచిపత్రి ఆకుల చుట్ట ముట్టిస్తే ఆ పొగ గదంతా కమ్ముకునేది. రోజు మొత్తం మీద ఎవరూ ఆమెని లెమ్మనని సమయం అదొక్కటే. నిజం చెప్పుకోవాలి, సూదులు పడ్డ పూట నొప్పి సద్దుమణిగేది. కానీ ఆ బల్ల దిగి ఎక్కడికి పోవాలి? మళ్లీ ఆ మిషను మీదికే. చల్లారిన రొట్టె, బిగబట్టుకుని కూర్చోవడం, మేకు వంక చూపులు. పొద్దున సూది తగ్గించిన నొప్పిని సాయంత్రానికి ఫ్యాక్టరీ మళ్లీ ఎక్కించేది. ఏ వైద్యం నిలుస్తుంది అక్కడ?

పండగ దగ్గర పడింది. నాలుక మీద పచ్చదనం పోలేదు. ఆ పొద్దున సూచిన్ గది తలుపు వేసుకుని, చెంచా అంచుతో నాలుక గీకింది. మంటెత్తేదాకా, ఎర్రబడేదాకా గీకింది. వేణ్నీళ్లు పుక్కిలించి ఉమ్మేసింది.

కువాంగ్ ఆమె నాలుక చూసి తల పంకించాడు. తర్వాత మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించాడు. చాలాసేపు తీయలేదు.

"నాడి పరిగెడుతోందే?"

"ఆలస్యమైందని పరిగెత్తుకుంటూ వచ్చాను."

ఆయన ఏదో అడగబోయాడు. గుమ్మంలో ఛ్యావ్ నిలబడి ఉన్నాడు. "ఏమంటారు డాక్టరు గారూ? మీ సూదులు అసలు పనిచేస్తున్నాయా అని పై వాళ్లు అడుగుతున్నారు."

కువాంగ్ వేళ్లు తీసేశాడు. "నయమైంది," అన్నాడు.

మర్నాడు పని మొదలుకాకముందే ఛ్యావ్ వరసని నిలబెట్టాడు. సుత్తి తిరగేసి మేకు ఊడబెరికాడు.

"ఇక బిళ్ల లేదు. భోజనాలప్పుడు వెళ్లండి, చాలు. కడుపు బాగోలేదంటారా, వైద్యుడున్నాడు, సూదులున్నాయి. రెండేళ్ల రోగం ఈవిడకే కుదిరింది, మీకేం రోగం? సూచిన్, నాలుక చూపించు."

ఎందుకైనా మంచిదని ఆమె ఆ పొద్దున కూడా గీక్కునే వచ్చింది. నోరు తెరిచింది. వరసంతా ఒకరి వెనక ఒకరు మెడలు సాచి చూశారు. గులాబీ రేకులా ఉంది నాలుక.

"బాగా ఒరగబెట్టావు వదినా," అంది యిన్‌ఫంగ్ పొట్ట పట్టుకుని.

మధ్యాహ్నం దాకా యిన్‌ఫంగ్ బిగబట్టుకోలేకపోయింది. కుర్చీ కింద నేల తడిసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. యిన్‌ఫంగ్ మిషను ఆపలేదు. తల వంచుకుని కుడుతూనే ఉంది. కన్నీళ్లు కాలరు గుడ్డ మీద పడుతున్నాయి.

సూచిన్ లేచి నిలబడింది.

"నాకు నయం కాలేదు. నాలుక గీక్కున్నాను. నెత్తురు పడుతోంది, ఇవాళా పడింది. మేకు మళ్లీ కొట్టండి."

ఛ్యావ్ మనిషిని పంపి కువాంగ్‌ని పిలిపించాడు. ముసలాయన వచ్చి, ఆమె చెయ్యి పట్టుకోకుండానే నిలబడ్డాడు.

"ఈవిడ అబద్ధమాడుతోందా, మీరు పొరబడ్డారా?" అన్నాడు ఛ్యావ్. "ఏదో ఒకటి చెప్పండి, పైకి కబురంపాలి."

"నిన్న నేను చూసిన నాలుక శుభ్రంగానే ఉంది," అన్నాడు కువాంగ్ నేల చూస్తూ.

"విన్నారుగా! పనెగ్గొట్టడానికి వేషాలు. వైద్యుణ్ణే మోసం చేసింది. గది తాళం ఇచ్చేసి పో."

సూచిన్ వరస వంక చూసింది. యిన్‌ఫంగ్ ఒక్కతే తలెత్తింది.

"ఈ ముక్క పొద్దున నోరు తెరిచినప్పుడు చెప్పుంటే ఏం పోయేది వదినా?"

సూచిన్ తన మిషను వదిలి బయటికి నడిచింది.

ఆవరణలో కువాంగ్ వెనకే వచ్చి ఆమె మణికట్టు అందుకున్నాడు. ఇప్పుడు వేళ్లు ఆనించాడు.

"పెద్దాసుపత్రికి వెళ్లమ్మా. ఆలస్యం చేయకు. నెత్తురు పోతోందని నిన్ననే అనుమానపడ్డాను."

"మరెందుకు నయమైందన్నారు?"

"నువ్వెందుకు గీక్కున్నావు?"

ఆమె చెయ్యి లాక్కుంది. కడుపులో కత్తి మళ్లీ తిరిగింది. దొడ్డి ఆ చివర ఉంది. మెడలో బిళ్ల లేదు, ఆపేవాళ్లూ లేరు. గోడ పట్టుకుని నడిచింది. వెనక మూడో వరస మిషన్లు ఒకటొకటిగా మళ్లీ మొదలయ్యాయి.